కారు ఇంజిన్‌కు నైట్రస్: మన ఎండల్లో ఆ నీలి సీసా ఎంత భద్రం? ట్యూనింగ్, చట్టం, జాగ్రత్తలు

కర్నూలులో ఉండే మా ఖాలా కొడుకు పోయిన వేసవిలో ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. కారు డిక్కీలో నీలి రంగు సీసా, స్టీరింగ్ మీద ఎర్ర బటన్, నొక్కితే కారు బాణంలా దూసుకుపోతోంది. "భాయ్, ఇది మన స్విఫ్ట్‌కు పెట్టించొచ్చా? ఓర్వకల్లు రోడ్డు ఖాళీగానే ఉంటుంది కదా" అన్నాడు. ఆ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కిస్తీలు ఇంకా నడుస్తున్నాయి. వాళ్ల నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లేది కూడా ఆ కారులోనే.

నేను చదివింది కామర్స్, మెకానిక్‌ని కాను. అయినా వద్దు అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే కుర్రాళ్లు వినరు, మనకు తెలియకుండా చేయించుకుంటారు. అందుకే ఈ విషయం మొదటి నుంచి చదివి, షెడ్డు ఉస్తాద్‌లతో మాట్లాడి, తెలుసుకున్నదంతా ఒక్క చోట రాస్తున్నాను. రేస్ ట్రాక్ మీద ఈ పని ఎలా చేస్తారు, మన రోడ్ల మీద ఎందుకు చేయకూడదు, రెండూ ఇందులో ఉన్నాయి.

అసలు నైట్రస్ అంటే ఏమిటి?

నైట్రస్ ఆక్సైడ్ ఒక వాయువు. రెండు పాళ్లు నైట్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిసి ఉంటుంది. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ దీన్ని తయారు చేశాడు. 1799 ప్రాంతంలో హంఫ్రీ డేవీ పీల్చి చూసి, నవ్వు వస్తోందని రాశాడు. అందుకే దీనికి 'లాఫింగ్ గ్యాస్' అనే పేరు వచ్చింది. 1844లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు నొప్పి తెలియకుండా పన్ను తీయడానికి వాడాడు. ఆపరేషన్ థియేటర్లలో మత్తు కోసం ఇప్పటికీ ఆక్సిజన్‌తో కలిపి వాడతారు.

ఇంజిన్లలోకి ఇది యుద్ధం ద్వారా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాలు చాలా ఎత్తుకు వెళ్లినప్పుడు గాలి పలుచబడి ఇంజిన్ శక్తి తగ్గిపోయేది. అప్పుడు నైట్రస్ ఇచ్చి ఆ లోటు పూడ్చేవారు. కార్లకు కిట్లుగా అమ్మే ఎన్ఓఎస్ అనే అమెరికా కంపెనీ 1978లో మొదలైంది. 2001లో వచ్చిన 'ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్' సినిమాతో ఆ పేరు ప్రపంచమంతా తెలిసిపోయింది. ఇప్పుడు మన కుర్రాళ్లు ఏ కంపెనీ సీసానైనా 'నాస్' అనే అంటారు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. నైట్రస్ ఇంధనం కాదు, దానంతట అది మండదు. పెట్రోలు మండడానికి కావాల్సిన ఆక్సిజన్‌ను ఎక్కువగా అందిస్తుంది, అంతే. మండదు కదా అని నిర్లక్ష్యం చేయకూడదు. దగ్గరలో మంట ఉంటే దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది.

ఇంజిన్ లోపల జరిగేది

గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం ఉంటుంది. నైట్రస్‌లో 36 శాతం. సిలిండర్ లోపలి వేడికి నైట్రస్ విడిపోయి ఆ ఆక్సిజన్ బయటకు వస్తుంది. ఆక్సిజన్ పెరిగింది కాబట్టి పెట్రోలు కూడా పెంచి మండించవచ్చు. ఎక్కువ పెట్రోలు మండితే ఎక్కువ శక్తి వస్తుంది.

రెండో లాభం చల్లదనం. నైట్రస్ మైనస్ 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సీసాలో ద్రవంగా ఉన్నది ఇంజిన్ గాలి దారిలోకి రాగానే ఆవిరైపోయి, ఆ గాలిని బాగా చల్లబరుస్తుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి సిలిండర్‌లోకి ఎక్కువ పడుతుంది.

లెక్కలో చూద్దాం. 1 కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అదే నైట్రస్ అయితే సుమారు 9.6 కిలోలు చాలు. అంటే నైట్రస్ ఇచ్చిన ప్రతిసారీ దానికి తగ్గ పెట్రోలు కూడా ఇచ్చి తీరాలి. పెట్రోలు తక్కువైతే దాన్ని 'లీన్' అంటారు. అప్పుడు వేడి విపరీతంగా పెరిగి, స్పార్క్ రాకముందే లేదా వచ్చాక అదుపు తప్పి మిశ్రమం పేలుతుంది. ఇంజిన్ నాక్ కొట్టడం అనేది ఇదే. మామూలు డ్రైవింగ్‌లో చిన్న నాక్ వినిపిస్తే సరిచేసుకునే టైము ఉంటుంది. నైట్రస్‌లో ఆ టైము ఉండదు. రెండు మూడు సెకన్లలో పిస్టన్ అంచు కరగొచ్చు, రింగులు విరగొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు.

కిట్లలో రకాలు

డ్రై కిట్: గాలి దారిలోకి నైట్రస్ ఒక్కటే చల్లుతుంది. కావాల్సిన అదనపు పెట్రోలు కారు సొంత ఇంజెక్టర్ల నుంచే రావాలి. ఈసీయూ ప్రోగ్రామ్ మార్చకుండా ఇది పెడితే ఇంజిన్ లీన్ అయిపోవడం దాదాపు ఖాయం.

వెట్ కిట్: ఒకే నాజిల్ నుంచి నైట్రస్, పెట్రోలు కలిసి వస్తాయి. రెండింటికీ వేర్వేరు జెట్లు ఉంటాయి. అయితే గాలి దారిలో పెట్రోలు తడి చేరి నిలిచిపోతే మానిఫోల్డ్‌లో బ్యాక్‌ఫైర్ వచ్చే ప్రమాదం ఉంది.

డైరెక్ట్ పోర్ట్: ప్రతి సిలిండర్‌కూ విడిగా నాజిల్ ఉంటుంది. పంపిణీ సమంగా ఉంటుంది, ఖర్చూ పనీ ఎక్కువ. ఇది పక్కా రేసు కార్ల పద్ధతి.

మన వైపు డీజిల్ కార్లు కూడా ఎక్కువే. డీజిల్‌లో నైట్రస్ లెక్క వేరు. అక్కడ పెట్రోలు కలపరు, మండకుండా పొగగా పోతున్న డీజిల్‌ను మండించడానికి మాత్రమే ఇస్తారు. ఈ వ్యాసంలోని ట్యూనింగ్ వరుస డీజిల్‌కు పనికిరాదు.

కర్నూలు, కడప ఎండకు సీసా ఏమవుతుంది?

బయటి దేశాల వీడియోలు చూసి మనం మోసపోయేది ఇక్కడే. అక్కడ చలికి సీసాలో ప్రెజర్ సరిపోక హీటర్ చుట్టి వేడి చేస్తారు. మన సమస్య దానికి పూర్తిగా రివర్స్.

నైట్రస్ సీసా ప్రెజర్ బయటి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 50 బార్ ఉంటుంది. 30 డిగ్రీలకు 63 బార్ దాకా వస్తుంది. 36.4 డిగ్రీల దగ్గర 72 బార్ దాటుతుంది. ఆ 36.4 డిగ్రీలు నైట్రస్‌కు ఒక హద్దు. అది దాటితే ఎంత ప్రెజర్ పెట్టినా సీసాలో ద్రవం అంటూ విడిగా ఉండదు. మన దగ్గర మేలో 43, 44 డిగ్రీలు మామూలే. అంటే వేసవి మధ్యాహ్నం నీడలో పెట్టిన సీసా కూడా ఆ హద్దు దాటేస్తుంది.

దీని వల్ల రెండు నష్టాలు.

మొదటిది ట్యూనింగ్ చెడిపోవడం. కిట్ కంపెనీలు జెట్ సైజులను దాదాపు 900 నుంచి 950 పీఎస్‌ఐ, అంటే 62 నుంచి 65 బార్ ప్రెజర్‌ను లెక్కలో పెట్టుకుని ఇస్తాయి. పొద్దున 6 గంటలకు, 28 డిగ్రీల్లో, అంతా సరిచూసి ట్యూన్ చేశారనుకుందాం. పది గంటలకు సీసా వేడెక్కి ప్రెజర్ పెరుగుతుంది. నైట్రస్ ఎక్కువ పోతుంది. పెట్రోలు ప్రెజర్ మాత్రం మారదు. మిశ్రమం లీన్ అయిపోతుంది. ఇంకా వేడెక్కి హద్దు దాటితే సీసాలో ఉన్నది పలుచబడి, ఎంత పోతుందో అంచనాకే అందదు. పొద్దున బాగా నడిచిన కారు మధ్యాహ్నం ఇంజిన్ పోగొట్టుకోవడానికి ఇదొక్కటి చాలు.

రెండోది సీసా పేలే ప్రమాదం. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటొచ్చు. నిండు సీసాలో అప్పుడు ప్రెజర్ మామూలు కంటే రెట్టింపు దాటిపోతుంది. అందుకే వాల్వులో ఒక పలుచని రక్షణ రేకు ఉంటుంది. చాలా కంపెనీలు అది సుమారు 3000 పీఎస్‌ఐ దగ్గర పగిలేలా పెడతాయి. రేకు పగిలితే సీసా బతుకుతుంది, కానీ గ్యాస్ మొత్తం క్షణాల్లో బయటకు తన్నుకొస్తుంది. డిక్కీ, క్యాబిన్ ఒకటిగా ఉండే హ్యాచ్‌బ్యాక్ కార్లలో అది నేరుగా మనుషుల మీదికే వస్తుంది. ఆక్సిజన్ అందక స్పృహ తప్పొచ్చు, చర్మానికి తగిలితే మంచు దెబ్బ తగులుతుంది. ఈ గ్యాస్‌ను కారు బయటికి పంపే గొట్టాన్ని బ్లోడౌన్ ట్యూబ్ అంటారు. రేసు కార్లలో అది తప్పనిసరి. వీడియోల్లో చూసి పెట్టించుకునే వాళ్లు ముందు వదిలేసేది దాన్నే.

సీసాలో నింపేది కూడా బరువు చూసే నింపాలి, ప్రెజర్ మీటరు చూసి కాదు. సీసా మీద రాసిన బరువు దాటితే వేడికి పెరగడానికి ఖాళీ ఉండదు. ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌లోకి షెడ్డులో సొంతంగా పట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం. వాల్వు మీద, పైపుల్లో గ్రీజు, ఆయిల్ ఉంటే ఈ ప్రెజర్ దగ్గర నిప్పు పుట్టొచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే ఖరారు చేసింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి ఇంధన మార్పులకు ఆమోదం పొందిన కిట్లతో అనుమతి ఉంది. నైట్రస్ ఇంధనం కాదు కాబట్టి ఆ మినహాయింపులోకి రాదు.

శిక్షలు ఇలా ఉన్నాయి:

- అనుమతి లేని మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.
- రోడ్డు మీద పందెం పెట్టుకుంటే 189వ సెక్షన్ కింద మొదటిసారి 3 నెలల వరకు జైలు, 5,000 వరకు జరిమానా. మళ్లీ దొరికితే శిక్ష పెరుగుతుంది.
- నడిపింది 18 ఏళ్లు నిండని పిల్లవాడైతే 199ఏ సెక్షన్ కింద తండ్రికి లేదా బండి యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.
- నిర్లక్ష్యంతో ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 సంవత్సరాల వరకు జైలు.

సీసాకు వేరే చట్టం ఉంది. గ్యాస్ సిలిండర్ రూల్స్ 2016 ప్రకారం, నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ ఆమోదం లేని రకం సిలిండర్లో గ్యాస్ నింపడమే నేరం. ఆన్‌లైన్‌లో విదేశం నుంచి తెప్పించిన ఖాళీ సీసాకు ఇక్కడ ఎవరైనా నింపి ఇస్తానంటే, వాళ్లు నియమం తప్పుతున్నారని అర్థం. ఆసుపత్రి సిలిండర్లు, పాత సీఎన్‌జీ సిలిండర్లు తెచ్చి వాడటం ఇంకా ప్రమాదం.

ఇన్సూరెన్సు సంగతి కూడా చూసుకోవాలి. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే మీ బండి నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

మరి ఎక్కడ చేయొచ్చు?

మూసి ఉన్న ట్రాక్ మీద, నిర్వాహకుల అనుమతితో, రోడ్డు మీద తిరగని కారుకు. మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను చూసేది ఎఫ్ఎంఎస్‌సీఐ. కడప, కర్నూలులో పక్కా రేస్ ట్రాక్ లేదు. దగ్గరలో ఉన్నది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, ఆ తర్వాత కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే. అక్కడ కూడా చాలా పోటీ తరగతుల్లో నైట్రస్‌కు అనుమతి ఉండదు. ముందు ఆ పోటీ నియమాలు చదవాలి. ఉంటే కారును ట్రక్కు మీద తీసుకెళ్లాలి, నడుపుకుంటూ కాదు.

ట్రాక్ కారుకు ట్యూనింగ్ వరుస

ఇది చదివి షెడ్డులో సొంతంగా చేయమని కాదు. పని తెలిసిన ట్యూనర్ ఏమేం చేయాలో మీకు తెలిస్తే, వాటిలో ఏది వదిలేశాడో పట్టుకోగలరు.

1. ముందు ఇంజిన్ ఆరోగ్యం. కంప్రెషన్ టెస్ట్ చేసి, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకుండా ఉందా చూడాలి. ఆయిల్ తాగే ఇంజిన్‌కు, వేడెక్కే ఇంజిన్‌కు, హెడ్ గ్యాస్కెట్ అనుమానం ఉన్న ఇంజిన్‌కు నైట్రస్ మాటే వద్దు.

2. చిన్న షాట్‌తో మొదలు. 1.2 లీటర్ పెట్రోలు ఇంజిన్ సుమారు 80 నుంచి 90 హార్స్‌పవర్ ఇస్తుంది. దానికి 25 హార్స్‌పవర్ జెట్ అంటేనే ముప్పై శాతం దగ్గర పెంచినట్టు. కంపెనీ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు ఈ అదనపు భారం కోసం చేసినవి కావు.

3. పెట్రోలు. పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు అదనపు పెట్రోలు ఇవ్వగలవా అని ప్రెజర్, ప్రవాహం కొలవాలి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు వాడాలి. బంకుల్లో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ కలిస్తే కావాల్సిన ఇంధనం పాలు పెరుగుతుంది. ఏ పెట్రోలుతో ట్యూన్ చేశారో దానితోనే నడపాలి.

4. ప్లగ్గులు. మామూలు దానికంటే ఒక మెట్టు చల్లటి ప్లగ్గు వేసి, గ్యాప్ కొద్దిగా తగ్గించాలి. ప్లగ్గు కొన బాగా వేడెక్కి నిప్పు కణంలా ఉంటే మిశ్రమం ముందే అంటుకుంటుంది.

5. టైమింగ్. నైట్రస్‌తో మంట వేగంగా పాకుతుంది, కాబట్టి స్పార్క్ కొంచెం ఆలస్యంగా ఇవ్వాలి. ప్రతి 50 హార్స్‌పవర్‌కు సుమారు 2 డిగ్రీలు వెనక్కి అనేది ట్యూనర్ల వాడుక లెక్క. మొదట ఇంకొంచెం ఎక్కువే వెనక్కి పెట్టి, తర్వాత చూసుకుంటూ ముందుకు రావడం క్షేమం.

6. రక్షణ స్విచ్‌లు. ఒక మెయిన్ స్విచ్. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే పనిచేసే స్విచ్. 3000 ఆర్‌పీఎం దాటాకే తెరుచుకుని, రెవ్ లిమిటర్‌కు 300 నుంచి 500 ముందే మూసేసే విండో స్విచ్. పెట్రోలు ప్రెజర్ పడిపోగానే నైట్రస్ ఆపేసే స్విచ్. ఇందులో విండో స్విచ్ చాలా ముఖ్యం. రెవ్ లిమిటర్ తగలగానే కారు పెట్రోలు ఆపేస్తుంది. నైట్రస్ మాత్రం పోతూనే ఉంటే ఆ క్షణమే ఇంజిన్ పోతుంది.

7. లీకేజీ. అన్ని జాయింట్లూ సబ్బు నీళ్లతో పరీక్షించాలి. సీసాను గట్టి బ్రాకెట్లతో బిగించి, బ్లోడౌన్ ట్యూబ్ కారు బయటికి పెట్టాలి. సీసా ప్రెజర్ మీటరు డ్రైవరుకు కనిపించాలి.

8. డైనో మీద ట్యూనింగ్. ముందు నైట్రస్ లేకుండా నడిపి కొలవాలి. తర్వాత రెండు మూడు సెకన్లు మాత్రమే నైట్రస్ ఇచ్చి, వైడ్‌బ్యాండ్ మీటర్‌లో గాలి, పెట్రోలు పాళ్లు 11.5 నుంచి 12 మధ్య ఉన్నాయా చూడాలి. ప్లగ్గులు విప్పి చూడాలి. పింగాణీ మీద మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. అక్కడితో ఆపేయాలి.

9. సీసా వేడి. ప్రతి రన్‌కు ముందు ప్రెజర్ చూడాలి. ఎక్కువుంటే నీడలో పెట్టి, చల్లటి నీళ్లలో ఉంచి తగ్గించాలి. మీటరు ట్యూన్ చేసిన అంకె దగ్గరికి వచ్చేదాకా బటన్ ముట్టకూడదు. ప్రెజర్ తక్కువుందని సీసాను మంట దగ్గర పెట్టడం ఆత్మహత్యతో సమానం.

10. అయిపోయాక. సీసా వాల్వు మూసి, పైపులో మిగిలినది ఖాళీ చేయాలి. సోలినాయిడ్ వాల్వు లీకై ఆగి ఉన్న ఇంజిన్‌లో నైట్రస్ నిండిందని అనుమానం వస్తే కీ తిప్పకూడదు. ముందు సీసా మూసి, ఆ గ్యాస్ పూర్తిగా పోనివ్వాలి. లేదంటే మానిఫోల్డ్ పగిలిపోతుంది.

ఒక కామర్స్ లెక్క

50 హార్స్‌పవర్ షాట్‌కు 10 సెకన్లకు సుమారు 200 గ్రాముల నైట్రస్ ఖర్చవుతుంది. 4.5 కిలోల సీసా అంటే మొత్తం 225 సెకన్లు. నాలుగు నిమిషాలు కూడా రాదు. ఆ నాలుగు నిమిషాల కోసం కిట్, సీసా, ఈసీయూ పని, డైనో ఛార్జి, ప్లగ్గులు, పెద్ద పంపు కొనాలి. రెండో వైపు ఇన్సూరెన్సు, వారంటీ పోగొట్టుకోవాలి. కిస్తీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే. మామూలు రోడ్డు మీద తిరిగే ఇంటి బండికి ఈ ఖాతా ఎలా వేసినా నష్టమే తేలుతుంది.

ఇంట్లో పెద్దలు గమనించాల్సింది

నైట్రస్‌తో కారు కాని ఇంకో ప్రమాదం ఉంది. పెద్ద నగరాల్లో దీన్ని బెలూన్లలో పట్టి పీల్చే అలవాటు పాకింది. క్రీమ్ తయారీకి వాడే 8 గ్రాముల చిన్న స్టీలు గుళికలు దానికి గుర్తు. తరచుగా పీలిస్తే శరీరంలో బి12 విటమిన్ పనిచేయకుండా పోయి నరాలు దెబ్బతింటాయి. కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం మొదటి లక్షణాలు. బ్రిటన్ 2023 నవంబరులో దీన్ని సి క్లాస్ డ్రగ్స్ జాబితాలో చేర్చింది. కార్ల కోసం అమ్మే నైట్రస్‌లో పీల్చకుండా ఉండటానికి సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. అది ఊపిరితిత్తులకు ఇంకా హాని. ఇలాంటి లక్షణాలుంటే దాచకుండా కర్నూలు సర్వజన ఆసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో చూపించండి. డాక్టరుతో నైట్రస్ పేరు చెప్పండి. చెప్పకపోతే ఆ కోణంలో చూడటం వాళ్లకూ కష్టం.

డిక్కీలో కొత్తగా సీసా, డాష్‌బోర్డు కింద కొత్త స్విచ్, రాత్రి పదకొండు తర్వాత హైవే వైపు తిరగడం, పండగ రాత్రుల్లో స్నేహితుల బండ్ల గుంపులు కనిపిస్తే అరవకుండా కూర్చోబెట్టి అడగండి. వేగం మీద ఇష్టం ఉండటం తప్పు కాదు. ఆ ఇష్టానికి కార్టింగ్ ట్రాక్, మోటార్ స్పోర్ట్ ట్రైనింగ్, ఆటోమొబైల్ డిప్లొమా లాంటి దారులు ఉన్నాయి.

షెడ్డు ఉస్తాద్‌లకు ఒక మాట

మన ఇళ్లలో స్పానరు పట్టి పిల్లల్ని చదివించిన వాళ్లు చాలామంది ఉన్నారు. నైట్రస్ కిట్ పెట్టమని ఎవరైనా కుర్రాడు డబ్బు చూపిస్తే, ఆ పనిలో మీ పేరు కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. గ్యాస్ పని నేర్చుకోవాలనుకుంటే సక్రమమైన దారి సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లది. ఆమోదం ఉన్న కిట్, అనుమతి ఉన్న సెంటరు, ఆర్‌సీలో నమోదు, సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్. ఇవన్నీ ఉన్న పనికి గిరాకీ పెరుగుతోంది, పోలీసు భయం ఉండదు.

మా ఖాలా కొడుకు విషయం చెప్పి ముగిస్తాను. ఈ వరుసలో మొదటి మెట్టు ఒక్కటి చేయిద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. కంప్రెషన్ టెస్ట్ చేయించాం. మూడో సిలిండర్ మిగతా వాటికంటే బాగా తక్కువ వచ్చింది. ఆ ఇంజిన్ మీద ఎర్ర బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో ఉస్తాద్ విడమరిచి చెప్పలేదు, వాడి ముఖం చూసి తల అడ్డంగా ఊపాడు. కిట్ కోసం దాచిన డబ్బు వాల్వుల పనికి, ముందు బ్రేక్ ప్యాడ్లకు, రెండు టైర్లకు సరిపోయింది. వారానికి మూడుసార్లు కారు ఆసుపత్రికి వెళ్లి వస్తోంది. మధ్యలో ఎక్కడా ఆగడం లేదు.